ఇలోనమ్మగారి విదేశీతనం తరిగిపోయిన కేసు

ఎవరికైనా నోటీసొచ్చిందంటే పొలంగట్టు జరిపేడనో, గోడ పక్కోడి జాగాలోకి కట్టేడనో వస్తుంది. బోడ్నార్ ఇలోనమ్మకి మాత్రం, నువ్వు పరాయిదానివి కాకుండా పోయేవు, దానికి జవాబు చెప్పుకోమని వచ్చింది.

పోస్టుమేన్ మేడెక్కి వచ్చేసరికి ఆవిడ నైటీ మీద తువ్వాలు కప్పుకుని, నీడలో పీట వేసుకుని, ఆవకాయకి కొట్టించిన ముక్కల్ని గుడ్డపెట్టి ఒక్కొక్కటే తుడుస్తోంది. జీడి తీసి, పొర తీసి, తడి లేకుండా తుడవాలి మరి. తడుంటే బూజు పట్టేస్తుంది. "సంతకం పెట్టండమ్మా" అంటే చేతులు తుడుచుకుని పెట్టి, "ఎండన పడి వచ్చేవు, మజ్జిగ తాగి వెళ్లు నాయనా" అంది. ఆ గ్లాసు మజ్జిగ కూడా తరవాత కేసులో సాక్ష్యంగా వచ్చింది.

ఇలోనమ్మది హంగరీ దేశం. అక్కడో పల్లెటూళ్లో ఏళ్లకేళ్లు పిల్లలకి ఇంగ్లీషు చెప్పింది. భర్త పోయేక, కూతురు పెళ్లై అత్తారింటికి వెళ్లేక, ఒక్కదాన్నీ ఉండి ఏం చేస్తాను, కొత్త ఊరు చూద్దామని ఏజెంటు చూపించిన ఒప్పందం మీద సంతకం పెట్టి గంటిపాలెం వచ్చింది.

గంటిపాలెంలో వేండ్ర భాస్కర్రావుగారని ఒక పెద్దమనిషి. రైసుమిల్లు మీద బాగా గడించి, మిల్లు కన్నా చదువే లాభమని తెలిసి, ఆ షెడ్లోనే గోడలు లేపి ఇంటర్నేషనల్ స్కూలు పెట్టేడు. ఇంటర్నేషనల్ అన్నాక బయటిదేశం మనిషి ఒక్కరైనా కళ్లకి కనపడాలి కదా. అందుకని ఆవిణ్ణి తెప్పించేడు. ఇంగ్లీషు ఆవిడ సొంత భాష కాదని, మనోళ్లు నేర్చుకున్నట్టే ఆవిడా పుస్తకం ముందేసుకుని నేర్చుకుందని ఆయన అడగనూ లేదు, ఆవిడ చెప్పనూ లేదు. మనిషి తెల్లగా ఉంది. జుట్టు రాగిరంగు. సరుకు దిగగానే ఆయనకి నచ్చేసింది.

పాఠాలు బాగా చెప్పేది. ఆ సంగతి పిల్లలకి తెలుసు గానీ స్కూలువాళ్లకి దాంతో పని లేదు. అడ్మిషన్లప్పుడు ఆవిడకి నల్లకోటు తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, గేటు దగ్గర నిలబెట్టేవారు. రోహిణీకార్తె ఎండకి రోళ్లే పగులుతాయంటారు, మనిషెంత. తల్లిదండ్రులు వచ్చి, పిల్లల్ని ఆవిడ పక్కన నించోబెట్టి ఫోటో తీసుకుని, లోపలికెళ్లి ఫీజు కట్టేవారు.

చేరిన రోజునే ఆవిడ పాస్‌పోర్టూ, చదువు సర్టిఫికెట్లూ, అన్నీ ఒరిజినల్సే, భాస్కర్రావుగారు పుచ్చుకుని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేసేడు. "భద్రతండీ" అన్నాడు. ఆ బీరువాలో ఆవిడవే కాదు, స్కూల్లో టీచర్లందరివీ ఉన్నాయి. లెక్కలు చెప్పే సుగుణకి పక్క జిల్లాలో సర్కారు ఉద్యోగానికి పిలుపొస్తే, ఒరిజినల్సు చూపించమన్నారు. అవి బీరువాలో ఉన్నాయి. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. "ఎంత భద్రంగా ఉన్నాయో అక్కా, నాక్కూడా అందవు" అని సుగుణ నవ్వేది. 

ఇప్పుడు ఇలోనమ్మ వంతొచ్చింది. అక్కడ కూతురికి ఎనిమిదో నెల. మొదటి కాన్పు. "నేనెళ్లాలి, నా కాగితాలు ఇప్పించండి" అని ఒప్పందంలో రాసినట్టే ముందుగా రాసిచ్చింది. దానికి జవాబే ఈ నోటీసు.

సాయంత్రం సుగుణ వచ్చి చదివింది. 

"ఏంటే అమ్మా అది? అన్నీ పెద్దపెద్ద మాటలు. విడమరిచి చెప్పు" అంది ఇలోనమ్మ.

"పదకొండో షరతంట అక్కా. 'ఉపాధ్యాయిని ఒప్పంద కాలము పొడవునా విదేశీయురాలుగా కొనసాగవలెను. విదేశీయత తరిగినచో ఒప్పంద భంగముగా పరిగణింపబడును.' నీది తరిగిపోయిందంట."

"తరిగిపోవడానికి అదేమన్నా సబ్బా?"

"మొన్న సంతలో వంకాయల దగ్గర బేరమాడేవంట కదా. 'పుచ్చులన్నీ నాకేసి మంచివి ఎవరికి దాచేవయ్యా' అన్నావంట. అది నాలుగో తరగతి పిల్లాడి తండ్రి విన్నాడు. స్కూలుకొచ్చి, మేం ఫీజు కట్టింది ఫారిన్ టీచరుకి గానీ వంకాయలు ఏరే మనిషిక్కాదు అని గోల చేసేడు."

"మరి పుచ్చులేగా వేసేడు!" అంది ఇలోనమ్మ.

మర్నాడు ఆవిడ భాస్కర్రావుగారి గదికెళ్లింది. అది మునుపు మిల్లులో కాటా ఉండే గది. కాటా తీసేసి బల్ల వేసేరు గానీ ఆయన కూర్చునే తీరు మారలేదు. పక్కన స్కూలు వకీలు ఓగిరాల పురుషోత్తంగారు కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇలోనమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"ఏవండీ భాస్కర్రావుగారూ, ఏంటండీ ఇది?"

"అదిగో! చేరినప్పుడు మిస్టర్ వేండ్రా అనేవారు. ఇప్పుడు ఏవండీ అంటున్నారు. రాసుకున్నారా పురుషోత్తంగారూ?"

"రాసుకున్నాను. చెప్పులు కూడా రాసుకున్నాను" అన్నాడు వకీలు.

"చూడండమ్మా. మాటంటే మాటే. ధాన్యం కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని తేమ చూస్తాం. తేమెక్కిందనుకోండి, కొనం. మీరొచ్చినప్పుడు కరకరలాడేవారు. ఇప్పుడు మీకు లోకలు తేమెక్కేసింది. ఆ రంగు చూడండి, ఎలా కమిలిపోయిందో."

"మీరు గేటు దగ్గర నిలబెడితే కమిలింది."

"నిలబెట్టేం. కమలమని చెప్పేమా?"

ఇలోనమ్మ బల్ల మీద చేతులు ఆనించింది. "మా అమ్మాయికి తొలిచూలండీ. తల్లి పక్కన లేకపోతే ఎలాగ? మీ ఇంట్లో ఆడపిల్లల్లేరా?"

"కూతురికి పురుడు పొయ్యడానికి తల్లి వెళ్లుట" అని వకీలు కలం కదిపేడు. "ఇది ఏ దేశపు ఆచారమో వేరే చెప్పక్కర్లేదు."

"సరే. విదేశీతనం పోయిందనే అనుకుందాం. పోయింది కాబట్టి నన్ను పంపించెయ్యండి."

"ఎలా పంపిస్తాం? పన్నెండో షరతు చూడండి. తరిగినదానికి పరిహారంగా ఇంకో రెండేళ్లు చెయ్యాలి."

"విదేశీతనం లేని మనిషితో ఇంకో రెండేళ్లు ఏం చేయిస్తారు?"

"లోకలు జీతానికి పాఠాలు చెప్పిస్తాం" అన్నాడు భాస్కర్రావుగారు, అదంత కష్టమైన సంగతా అన్నట్టు.

ఇలాంటి తగువులు తీర్చడానికి సర్కారువాళ్లు పరదేశీ ఉద్యోగుల ఒప్పంద వివాద పరిష్కార మండలి అని ఒకటి పెట్టేరు. మార్కెట్ యార్డు గోదాం పై అంతస్తులో ఆఫీసు. జీపుంది, బంట్రోతులున్నారు, ద్విభాషి ఉన్నాడు, లేనిదల్లా కేసే. జిల్లాలో పరదేశీ ఉద్యోగి కలికానికి దొరక్కపోతే తగువెక్కడినుంచి పుడుతుంది? ఈ ఏడు కూడా కేసు రాకపోతే మండలి ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఆ దిగుల్లో ఉండగా ఇలోనమ్మ మీద భాస్కర్రావుగారు కేసు వెయ్యడంతో నెర్రెలిచ్చిన చేలో వాన పడ్డట్టయింది. వరండాకి మామిడాకులు కట్టేరు.

మండలికి అధ్యక్షులు కొమ్మోజు దక్షిణామూర్తిగారు. తూనికలు కొలతల్లో చేసి రిటైరైన మనిషి. కొలవనిదీ, ముద్ర పడనిదీ ఈ లోకంలో లేనట్టే ఆయన లెక్క. ఇంట్లో ఉప్పుడబ్బాకి కూడా ముద్ర వేయించేడని చెప్పుకుంటారు.

"ప్రతివాదిని పరదేశీయురాలు. కావున ద్విభాషి ముఖముగా మాట్లాడవలెను" అన్నాడాయన.

ద్విభాషి లేచేడు. ఆయనకొచ్చిన పరభాష హిందీ ఒక్కటే. అదీ అంతంతమాత్రం.

"నాకు తెలుగొచ్చండీ. నేనే చెప్పుకుంటాను" అంది ఇలోనమ్మ.

"మండలి నియమముల ప్రకారము ద్విభాషి లేనిదే పరదేశీయుల మాట చెవిన వేసుకొనరాదు."

అందుకని ఆవిడ తెలుగులో చెప్పేది, ద్విభాషి దాన్నే మళ్లీ తెలుగులో, కాస్త గట్టిగా చెప్పేవాడు. అప్పుడు అధ్యక్షులవారు విన్నట్టు తలాడించేవాడు. ద్విభాషికి ఉద్యోగంలో చేరేక అదే మొదటి పని. చెమటలు తుడుచుకుంటా చెప్పేడు పాపం.

వకీలు పురుషోత్తంగారు కోటు సర్దుకుని మొదలెట్టేడు. "అయ్యా, మొదట పేరు చూడండి. బోడ్నార్ ఇలోన. ఇందులో బోడ్నార్ అనేది ఇంటిపేరు, ఇలోన అనేది మనిషి పేరు. ఇంటిపేరు ముందు రాసుకునేది లోకంలో ఎవరు? తెలుగువాళ్లం! దొరలు ఎక్కడైనా ఇంటిపేరు ముందు రాసుకుంటారా? ఈవిడ తెలుగుతనంలో ఎంత లోతుకి దిగిపోయిందో మండలివారే గ్రహించాలి."

"మా దేశంలో కూడా ఇంటిపేరే ముందండీ. మా తాతల్నాటినుంచీ అంతే" అంది ఇలోనమ్మ.

ద్విభాషి అదే గట్టిగా చెప్పేడు.

"తాతలనాటి నుండి ఇంటిపేరు ముందు. అనగా తెలుగు మూలములు ఉన్నవని ప్రతివాదినియే ఒప్పుకొనుచున్నది" అని అధ్యక్షులవారు రాయించేడు.

తరవాత చెప్పుల సంగతొచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడిచే దేశం ఏది? మిరపకాయల సంగతొచ్చింది. మిరపకారం చెమట పట్టకుండా తింటుందని హోటలు సర్వరు సాక్ష్యం చెప్పేడు.

"మా పల్లెలో ప్రతి ఇంటి చూరుకీ ఎండు మిరపకాయల దండలు వేలాడదీస్తామండీ. కారం లేని కూర మా అమ్మ చెయ్యలేదు. ఇంట్లోకి చెప్పులతో వస్తే మా నాయనమ్మ చీపురు తిరగేసేది. నేను ఇక్కడికొచ్చి మారిందేం లేదు. ఇక్కడికొచ్చేక నాకు కొత్తగా అనిపించింది ఒక్క ఆ నల్లకోటే."

"చీపురు తిరగేయుట" అని రాయించేడు అధ్యక్షులవారు.

చివర్ని పోస్టుమేన్ని పిలిచేరు. మజ్జిగ ఇచ్చిన మాట నిజమేనా? నిజమే. ఒక్క గ్లాసేనా? "లేదండి, ఇంకొంచెం పుచ్చుకో అని రెండోది కూడా పోసేరండి. వద్దంటే వినలేదండి."

గోదాం మొత్తం 'అమ్మో' అంది. ఇంకొంచెం అని బలవంతం పెట్టిందంటే ఇంక చెప్పేదేముంది?

ఇలోనమ్మ లేచి నిలబడింది. "అయ్యా, నేను పరాయిదాన్నో కాదో మీరే తేల్చుకోండి. నా పిల్ల నొప్పులు పడే వేళకి నేనక్కడుండాలి. నా పాస్‌పోర్టు ఇప్పించండి. అంతే."

ద్విభాషి ఆ మాట చెప్పబోయి, పొద్దుట్నించీ అరిచినందుకు దగ్గొచ్చి, మంచినీళ్లు అడిగేడు. దాంతో అది మండలివారి చెవిన పడలేదు.

"తొందరపాటు తగదు" అన్నాడు దక్షిణామూర్తిగారు. "ప్రతివాదినియందు విదేశీయత ఎంత మిగిలియున్నదో తూచి తేల్చవలెను. అందుకు కొలమానము కావలెను. కొలమానము తయారుచేయుటకు ఉపసంఘమును నియమించడమైనది."

ఉపసంఘం కూర్చుంది, టీ తాగింది, వాయిదా వేసింది. మళ్లీ కూర్చుంది. ఇలోనమ్మ రోజూ కూతురికి ఫోను చేసి, "వచ్చేస్తున్నానమ్మా" అని వాళ్ల భాషలో చెప్పి, పెట్టేసి, ముక్కు చీదుకునేది. ఊరగాయ జాడీలో ఆవకాయ ఊరుతోంది. కేసు మాత్రం ఊరిందేగానీ తెమల్లేదు.

ఆఖరికి కొలమానం తయారైంది. ఇంటిపేరు ఎక్కడ రాస్తారు, నేల మీద బాసింపట్టు వేస్తారా లేదా, ఆవకాయన్నం మంచినీళ్లు తాక్కుండా తింటారా లేదా, గుమ్మంలో చెప్పులు విడుస్తారా, ఆషాఢం తరవాత ఏ మాసం, ఇంటికొచ్చినోళ్లకి ఎన్నిసార్లు వడ్డిస్తారు, పిల్లల్ని ఏ భాషలో ముద్దు చేస్తారు. ఇలాగ. అన్నిటికీ కలిపి పది మార్కులు. పదీ వస్తే నిఖార్సైన పరదేశి. సున్నా వస్తే స్థానికుడు.

"అయితే ఒక చిక్కు" అన్నాడు అధ్యక్షులవారు. "కేజీరాయి సరియైనదా కాదా అని తెలియుటకు మా శాఖలో అసలు కేజీరాయి ఒకటి ఉండెడిది. దానితో పోల్చి చూచెడివారము. అటులనే స్థానికత్వమునకు కూడ ఒక నమూనా కావలెను."

భాస్కర్రావుగారు నవ్వేడు. ఆయన నవ్వడం కేసు మొదలయ్యేక అదే మొదలు. "ఇంతోటిదానికి ఆలోచనెందుకండీ? శాంపిలు లేకుండా సరుకెవడు కొంటాడు? మా తాత ఈ ఊళ్లో, మా నాన్న ఈ ఊళ్లో. నా బొడ్డు కోసింది ఈ ఊళ్లో. నన్నే శాంపిలుగా పెట్టుకోండి."

వకీలు చెవిలో ఏదో గొణగబోయేడు. "మీరూరుకోండి పురుషోత్తంగారూ. ధాన్యం సంగతి మీకేం తెలుసు" అన్నాడాయన.

తూకం రోజున గోదాం కిక్కిరిసిపోయింది. ముందు ఇలోనమ్మ. చెప్పులు విడిచి వచ్చింది. బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆవకాయ కలిపిన అన్నం తిని, "నువ్వుల నూనె కొంచెం తగ్గింది" అంది. ఆషాఢం తరవాత శ్రావణం అంది. మూడో తరగతి గోడ మీద మాసాల పట్టిక రాసింది ఆవిడే మరి. ఆవిడకి సున్నా వచ్చింది.

తరవాత నమూనా. భాస్కర్రావుగారు బూట్లతో టకటకా నడిచొచ్చేడు. పాదాలకి మంచిది కాదని డాక్టరు విప్పొద్దన్నాడంట. ఒక మార్కు. నేల మీద కూర్చోమంటే మోకాళ్లు వంగలేదు. ఇంకో మార్కు. ఆవకాయ చూడగానే వెనక్కి జరిగేడు. పొద్దున్న ఓట్సు, రాత్రి సూపు తప్ప కడుపుకి పడవు. ఆషాఢం తరవాత ఏ మాసమంటే పైకప్పు వంక చూసి, వేళ్లు మడిచి, "సెప్టెంబరు" అన్నాడు. మనవల్ని ఏ భాషలో ముద్దు చేస్తారంటే, ఇంట్లో తెలుగు మాట్లాడితే ఫైను వేస్తామని గొప్పగా చెప్పేడు. ఉపసంఘంవాళ్లు ఆయన ఇంటికెళ్లినప్పుడు ప్లేటులో రెండు బిస్కట్లు పెట్టి, ఒక్కసారే తీసుకోండన్నారంట. ఇంటిపేరు ఎక్కడ రాస్తారో చూద్దామని స్కూలు బోర్డు ఫోటో తెప్పించేరు. స్టైలుగా ఉంటుందని ఆయనే రాయించుకున్నాడు: భాస్కర్ వేండ్ర.

పదికి పదీ వచ్చేయి.

 అధ్యక్షులవారు మళ్లీ కూడించేడు. మళ్లీ పదే.

"నమూనా కదండీ నేను! నమూనా తప్పెలా అవుతుంది?" అన్నాడు భాస్కర్రావుగారు.

"నమూనా తప్పు కాదు. కొలమానము తప్పు కాదు. ఎందుకనగా రెంటికిని ముద్ర పడినది. ముద్ర పడిన తూకమును మార్చుట నా సర్వీసులో జరుగలేదు" అని దక్షిణామూర్తిగారు తీర్పు చదవడం మొదలెట్టేడు.

బోడ్నార్ ఇలోన స్థానికురాలని, విదేశీతనం పూర్తిగా హరించుకుపోయిందని, అందుచేత ఇంకో రెండేళ్లు స్కూల్లో పనిచెయ్యాలని, అప్పటిదాకా కాగితాలు బీరువాలోనే ఉండాలని చదివేడు. చదువుతుండగానే ఇలోనమ్మ సంచిలో ఫోను మోగింది. ఆవిడ తీసి చెవిన పెట్టుకుంది. అవతల అల్లుడు. ఆవిడ ఏదో అడిగింది, ఏదో విన్నది, ఫోను రెండు చేతులా పట్టుకుని గోడ పక్కన నేల మీద కూర్చుంది.

"ఏమైందక్కా?" అని సుగుణ పరిగెట్టింది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగానే ఉన్నారంట. రాత్రంతా అమ్మా అమ్మా అందంట."

ద్విభాషి ఆ మాట గట్టిగా చెప్పలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"శుభము" అన్నాడు అధ్యక్షులవారు. "మండలి తరఫున అభినందనలు నమోదు చేయుడు. తీర్పులో రెండవ భాగము. నమూనాగా వచ్చిన భాస్కర్ వేండ్ర అనువారు పరదేశీయులని తేలినందున, ఈ తీర్పు ప్రతిని విదేశీయుల నమోదు కార్యాలయమునకు పంపడమైనది."

భాస్కర్రావుగారు పెద్దగా నవ్వేడు. అదేదో లాంఛనం అనుకున్నాడు.

మండలివాళ్లకి మాత్రం రెండో కేసు దొరికింది. మామిడాకులు మార్చేరు.

ఎస్సైగారు స్కూలుకొచ్చేడు. ఆ ఊరి కుర్రాడే.

"నమస్కారమండి. మీరు ఈ దేశం ఎప్పుడొచ్చేరండి?"

"ఏంట్రా ఆ వాగుడు? ఇక్కడే పుట్టేను!"

"పుట్టినకాడి నుంచీ అనుమతి లేకుండా ఉంటున్నట్టు ఒప్పుకున్నారన్నమాట." రాసుకున్నాడు.

"ఒరేయ్, మా మిల్లు బియ్యం తిని పెరిగేవురా నువ్వు!"

"తిన్నానండి. రాళ్లు కూడా తిన్నానండి. అయినా ముద్ర పడ్డాక నేనేం చెయ్యనండి? మీ పాస్‌పోర్టు ఎక్కడుందండి?"

"బీరువాలో."

"అందులో ఈ దేశమనే ఉంటుందనుకోండి, అప్పుడు దొంగ పాస్‌పోర్టు కేసు కూడా అవుతుంది. తియ్యకపోవడమే మంచిది." ఎస్సై గొంతు తగ్గించేడు. "మిమ్మల్ని మీ దేశం పంపించమన్నారండి. ఏ దేశమో మీరే చెబితే మాకు సులువు."

భాస్కర్రావుగారు కుర్చీలోంచి లేచేడు. ఈ మనిషి బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని పక్క జిల్లాకే వెళ్లడు. "దీనికి విరుగుడు లేదా?" అన్నాడు.

"ఉందండి. స్థానికులని ముద్ర పడ్డ మనిషి హామీ ఉంటే మళ్లీ తూకం వేయించుకోవచ్చండి."

"ఊరంతా ఉంటారు నాకు హామీ!"

"ఊళ్లో ఎవరికీ ముద్ర లేదు కదండీ. మీ వకీలుగారికీ లేదు, నాకూ లేదు. జిల్లా మొత్తం మీద ముద్ర పడ్డ స్థానికులు ఒక్కరే ఉన్నారండి."

ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇలోనమ్మ మేడ మీద సుగుణతో కూర్చుని, ఫోనులో మనవరాలి ఫోటో చూసుకుంటోంది. ఎన్నిసార్లు చూసినా బుగ్గలే కనపడతాయి. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. గుమ్మందాకా వచ్చి ఆగింది. ఆవిడ తలెత్తి బూట్ల వంక చూసింది. భాస్కర్రావుగారు గోడ పట్టుకుని వంగి, ఆయాసపడతా, రెండు బూట్లూ విప్పేడు.

"కూర్చోండి. మజ్జిగ పుచ్చుకుంటారా?"

"ఇప్పుడు మజ్జిగేంటమ్మా! నేను ఈ ఊరి మనిషినని మీరొక్క సంతకం పెట్టాలి. మీరు తప్ప దిక్కు లేదు."

"నేనా? నేను వచ్చి నిండా మూడేళ్లు కాలేదు. మీరు ఈ ఊరి మనిషో కాదో నాకేం తెలుసండీ?" అంది ఇలోనమ్మ, నిజంగానే ఆలోచిస్తున్నట్టు.

"అక్కా, బోర్డు మీద పేరు చూస్తే నాకూ అనుమానమే" అంది సుగుణ.

"ఏంటమ్మా సుగుణా, నువ్వు కూడానా! సరే, సరే. ఇలోనమ్మగారూ, తీర్పులో వేసిన ఆ రెండేళ్లూ వదిలేసుకుంటాను. మీ కాగితాలు మీకిచ్చేస్తాను. రేపే."

"నా కాగితాలు కాదు."

"మరి?"

"బీరువా తాళం."

ఆయన చెయ్యి తెలీకుండానే మొలలో తాళంచెవి మీదకెళ్లింది. "అందరివీ ఇచ్చేస్తే అందరూ వెళ్లిపోతారమ్మా. స్కూలు ఖాళీ అయిపోతుంది."

"ఉండాలనుకున్నోళ్లు ఉంటారు. తాళం వేస్తే ఉన్నోళ్లు ఉన్నట్టా?"

"భద్రత..."

"ఇకనుంచి మా భద్రత మేం చూసుకుంటాం లెండి. మీ భద్రత సంగతి చూసుకోండి. బస్సెక్కితే మీకు పడదంట కదా, ఓడైతే ఇంకా కష్టం" అంది సుగుణ.

మళ్లీ తూకం రోజున మార్కెట్ యార్డు బయట ఆటో ఒకటి ఆగుంది. అందులో ఇలోనమ్మ పెట్టె, ఒక ఊరగాయ జాడీ. గోదాంలో టీచర్లంతా వరసగా నించున్నారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో కవరు. పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టే పట్టుకున్నారు. సుగుణ తన కవరు తెరిచి చూసుకోవడం, మూసుకోవడం, మళ్లీ తెరవడం.

మధ్యలో చాప మీద భాస్కర్రావుగారు. ఇద్దరు బంట్రోతులు చెరో భుజం పట్టుకుని, కాళ్లు మడిచి కూర్చోబెట్టేరు. ఎదురుగా విస్తరి. అందులో వేడన్నం, మీద ఇలోనమ్మ పెట్టిన ఆవకాయ. శ్రావణ మాసం నాటికి అది బాగా ఊరి, ఎర్రగా నిగనిగలాడుతోంది. మాసాలు ఆయన రాత్రంతా కూర్చుని బట్టీపట్టేడు. పొద్దున్నే స్కూలు బోర్డు మీద ఇంటిపేరు ముందుకి మార్పించేడు.

"నమూనా భుజింపవచ్చును" అన్నాడు అధ్యక్షులవారు.

మొదటి ముద్దకి ముక్కు కారింది. రెండో ముద్దకి చెవులు ఎర్రబడ్డాయి. మూడో ముద్దకి చెయ్యి మంచినీళ్ల గ్లాసుకేసి వెళ్లబోయి, ఎస్సై దగ్గితే, వెనక్కొచ్చింది. కళ్లవెంట ధారలు. బుగ్గల మీంచి విస్తట్లోకి పడతన్నాయి. అయినా తిన్నాడు. విస్తరి ఖాళీ చేసేడు. చేసి, ఇంక అయిపోయిందన్నట్టు ఇలోనమ్మ మొహంలోకి చూసేడు.

"హామీదారు చెప్పవలెను. ఇతడు స్థానికుడేనా?"

ద్విభాషి లేవబోయేడు. అధ్యక్షులవారు చెయ్యి ఊపి కూర్చోబెట్టేడు. స్థానికురాలికి ద్విభాషెందుకు?

ఇలోనమ్మ ఆయన్ని చూసింది. వరసలో ఉన్న టీచర్ల చంకల్లో కవర్లు చూసింది. తన సంచిలో పాస్‌పోర్టు ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుంది. మనవరాలి బారసాలకి చేరాలంటే ఇప్పుడే బయల్దేరాలి. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, వెనక్కి తిరిగి చెప్పింది.

"మనవాడేనండి. కాకపోతే మొహమాటపడుతున్నాడు. ఇంకొంచెం వడ్డించండి."